జేజి పక్కన కాపలా

నా చిన్నప్పుడు వాచ్ అంటే మా పక్కింటి ఇంగ్లీషు సారు చేతికి కట్టుకునేది, అంతే. దానికి ఇంకో అర్థం ఉందని తొమ్మిదో ఏట తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మాది ఆళ్లగడ్డ. మా జేజికి, అంటే నాయన తల్లికి, జబ్బు ముదిరితే నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. ఆమె ఇక లేవదని పెద్దవాళ్లకు తెలుసు, నాకు చెప్పలేదు. అమ్మ మూడు రాత్రులు కన్ను మూయలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం నాయన మందులకు బజారుకు పోతూ, అమ్మను వరండాలో కాసేపు నడుం వాల్చమని, నన్ను మంచం పక్కన కూర్చోబెట్టాడు.

"జేజిని చూస్తాండు పాపా. కదిలితే అమ్మను లేపు. నిద్దర పోవాకు," అన్నాడు.

పోనని గొప్పగా చెప్పాను. నేనా, కూర్చున్నచోటే కునుకు తీసే రకం. ఎండ, ఉక్క, పైన ఫ్యాను కిర్రుమనడం. ఎప్పుడు తల వాల్చానో తెలియదు. మెలకువ వచ్చేసరికి జేజి చెయ్యి మంచం అంచు దాటి వేలాడుతోంది. కింద నీళ్ల గ్లాసు దొర్లి ఉంది. పిలిస్తే పలకలేదు. పాపిష్టిదాన్ని, అమ్మను లేపాల్సింది పోయి, ముందు గ్లాసు తీసి నిలబెట్టాను. నీళ్లు పావడాతో తుడిచాను. అప్పుడు అరిచాను. చూస్తూనే ఉన్నానని, నిద్రలోనే పోయిందని అందరికీ చెప్పాను. మనవరాలు పక్కనుండగా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు.

ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు. నాయన నన్ను కాపలా పెట్టిన సంగతి సారుకు తెలుసు. జేజిని కాపాడలేకపోయానని కుములుతున్నాననుకున్నాడు ఆ మంచి మనిషి. ఒకరోజు లావుపాటి నిఘంటువు తెచ్చి, నా పక్కన కూర్చుని, వాచ్ అన్న మాట చూపించాడు. కనిపెట్టి చూడటం, కాపలా కాయడం, చేతి గడియారం, ఇవన్నీ తర్వాత వచ్చి చేరిన అర్థాలట. పాత ఇంగ్లీషులో అది పుట్టింది మేలుకొని ఉండటమన్న మాటలోంచట. నిద్ర లేవడాన్ని చెప్పే 'వేక్' దానికి తోబుట్టువట.

"చావును ఆపమని ఆ మాట ఎవరినీ అడగదు పాపా. మేలుకోని ఉంటే చాలు. నువ్వు ఉండావు కదా, ఇంగ ఏడవాకు," అన్నాడు.

తల ఊపాను. ఆయన సంతోషం చెడగొట్టలేక ఆ పూట అన్నం కూడా తిన్నాను.

సారు పోయి చాలా ఏళ్లయింది. అమ్మ, నాయన కూడా లేరు, నిజం చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు. మా బంధువుల్లో ఎవరు మంచాన పడ్డా నన్నే పిలుస్తారు, రెప్ప వాల్చకుండా కూర్చుంటానని మెచ్చుకుంటారు. ఎంతమంది పక్కన మేలుకొని ఏం లాభం? ఆ మధ్యాహ్నం జేజి నన్ను ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు.