జహీరా వండిన బగారా

జనగామల జహీరా గాజులమ్మింది, బట్టలు కుట్టింది. ఏ పనికైనా కొంగు నడుముకు చెక్కి, నవ్వుకుంటనే దిగేదని నేస్తురాలు సాయవ్వ ఇప్పటికీ తలుచుకుంటది. సకలజనుల సమ్మెల నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టిన నాడు, బస్సుల్లేక వంటాయన రాలేదు. "బగారన్నం నేనొండుత" అంది జహీరా.

"దర్జీ చేతి వంటనా? పస్తే ఇగ!" అని సమ్మెల కూసున్న రాజేశం నవ్విండు.

ఇంటింటా అడిగి తెచ్చిన బియ్యం మాడితే మొఖమెట్ల చూపాలని సాయవ్వ పొయ్యిల కట్టెలు ఎనుకకు గుంజింది. జహీరా గంజుమూత చుట్టూ పిండి మెత్తి, లోపలి ఉడుకు సప్పుడుకు చెవొగ్గి కూసుంది.

"తియ్యక్కా, ఆకలైతుంది!"

"జర ఆగు రాజేశమన్నా, ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది!"

మూత తీస్తే వాసన బస్టాండుదాకా పోయింది. ఏ మెతుకుకా మెతుకే. రాజేశం మళ్లమళ్ల ఇస్తారి చాపి, బిడ్డ పెండ్లి వంట ఆమెకే ఒప్పజెప్పిండు.

"అక్కా, మరి ఉల్లిగడ్డలెవరు కోస్తరు?" అంది జహీరా నేస్తురాలి దిక్కు చూసి. సాయవ్వ అప్పటికే కొంగు చెక్కింది.