రాడని చెప్పిన స్టేషన్ మాస్టారు

నా చిన్నప్పుడు, ఉప్పెన వచ్చిన ఏడాది, అమ్మా నేనూ నెల రోజులు రేపల్లె లైన్లోని ఒక చిన్న స్టేషన్లో తలదాచుకున్నాం. నాకు ఎనిమిదేళ్లు. అడవులదీవిలో మా గుడిసె ఆనవాలు కూడా మిగల్లేదు. స్టేషన్ మాత్రం నిలబడింది. తెల్లదొరల కాలంలో కట్టిన మందపాటి గోడలు, పెంకుల కప్పు. రోజూ తెనాలి వెళ్లే పాలవాళ్లు, కాలేజీ పిల్లలు, చేపల గంపల ఆడవాళ్లు బండి కోసం కూర్చునే హాల్లోనే ఇళ్లు పోయిన మేమంతా పడుకునేవాళ్లం.

సముద్రం మీద వేటకెళ్లిన నాన్న తిరిగి రాలేదు. కొన్ని పడవలు గాలికి వాడరేవు వైపు కొట్టుకుపోయాయనీ, బతికినవాళ్లు బాపట్ల, తెనాలి మీదుగా రైల్లో వస్తున్నారనీ తెలిసింది. ఇద్దరు ముగ్గురు వచ్చారు కూడా. అప్పట్నుంచి ప్రతి బండికీ పరిగెత్తేదాన్ని. నాన్న దిగకపోతే, రేపటి బండికి వస్తాడులే అనేవారు అందరూ. అమ్మ కూడా అదే అనేది.

ఒక మధ్యాహ్నం బండి వెళ్లిపోయాక స్టేషన్ మాస్టారు వచ్చి నా పక్కన నేలమీదే కూర్చున్నారు.

"వాడరేవు నుంచి రావాల్సినవాళ్లంతా వచ్చేశారమ్మా. ఫోన్ చేసి కనుక్కున్నాను. మీ నాన్న రాడు."

ఆయన చెయ్యి కొరికాను. ఆయన వెనక్కి తీసుకోలేదు. సాయంత్రం బండికి నన్ను చంకనేసుకునే జెండా ఊపారు. తర్వాత అమ్మకీ అదే మాట చెప్పి, ఆమె ఏడ్చినంతసేపూ అక్కడే ఉన్నారు. నాలుగు రోజులకి అమ్మ ఎవరి గంపో అడిగి తీసుకుని, చేపలమ్మడానికి తెనాలి బండెక్కింది.

ఇప్పుడు ఆ స్టేషన్ని కొత్తగా కడుతున్నారు. పెంకులు దించేశారు. హాలు గోడ సగం పడిపోయింది. పాత స్టేషన్ ఫొటో ఒకటి పెద్దది చేయించి కొత్త అద్దాల గదిలో పెడతారట.

స్టేషన్ మెట్ల మీద ఎండుచేపలమ్ముతూ ముసలిదైపోయిన మా పక్కింటావిడ, తనకి మళ్లీ చోటిస్తారా అని కనపడ్డవాళ్లనల్లా అడుగుతోంది. ఎందుకివ్వరు అంటున్నారు అందరూ. అక్కడ పని చేయిస్తున్న ఇంజనీరుని నేను వెళ్లి అడిగాను. కొత్త ప్లానులో ఆ మెట్లే లేవన్నాడు.

నిన్న నన్నూ అడిగింది, "నాకు చోటుంటదా అమ్మాయ్?" అని.

"ఉండదమ్మా," అన్నాను.

నీకేం తెలుసని విసుక్కుని మొహం తిప్పుకుంది. ఆమెకి ఇంకో చోటు చూపించే శక్తి నాకు లేదు. అలాంటి మాట చెప్పాక లేచి వెళ్లిపోకూడదని మాత్రం తెలుసు. చీకటి పడేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను.