కొల్లేరు రోడ్డెక్కని చక్రాలు

నాన్నగారు పోయాక ఆయన పాత కారు తాడేపల్లిగూడెంలో నా వాకిట్లోకి వచ్చింది. ఇంజను సంగతి ఎలా ఉన్నా, దాని అల్లాయ్ చక్రాలంటే నాకు పిచ్చి. తేలికైన లోహం. ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు గానీ, పై పూత ఎక్కడన్నా చిట్లిందా, లోపల తెల్లగా బూజులా పాకేస్తుంది. మొన్న మాఘమాసంలో నాలుగింటినీ విప్పించి ఏలూరు పట్టుకెళ్లాను. పాత పూత ఊడదీయించి, వాటర్ పేపరుతో రుద్దించి, వెండిరంగు వేయించి, పైన క్లియర్ కోటు కొట్టించాను. పెయింటరు ఒకటే చెప్పాడు: "ఉప్పునీళ్లు తగలనివ్వకండి. తగిలినా ఆ పూటే మంచినీళ్లతో కడిగేస్తే ఏం కాదండీ." నేను మొదటి మాటే చెవికెక్కించుకున్నాను. ఆ రాత్రే అక్కకి ఫోన్ చేసి, చక్రాల మెరుపూ ఉప్పునీళ్ల భయమూ పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆపై నెలలోనే మా అక్క కూతురి పెళ్లి. అక్కావాళ్లది కొల్లేరులో చేపల చెరువుల మధ్య ఊరు. మేనకోడలిది చిన్నప్పటి నుంచీ ఒకటే పాట: "మావయ్యా, పెళ్లయ్యాక నేను తాతయ్య కారులోనే అత్తారింటికి వెళ్తాను. నువ్వే నడపాలి." సరేనని ఎన్నిసార్లన్నానో. మాటే కదా, ఏం పోయింది!

ఆ ఊరి దారి పొడుగునా చేపల లారీలు, రొయ్యల లారీలు. వాటి నుంచి కారే ఉప్పునీళ్లతో రోడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆ తడిలో నా చక్రాలు తిరుగుతున్నట్టు ఊహించుకుంటేనే నాకు అన్నం సయించలేదు. పెళ్లి ముందురోజు ఫోన్ చేసి, కారు స్టార్టవడం లేదని చెప్పేశాను. "పోనీలేరా, నువ్వు వస్తే చాలు" అంది అక్క. బస్సెక్కి వెళ్లాను.

పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లాల్సింది మేనమామే. గంపకి ఓ పక్క నేను, ఓ పక్క మరో చుట్టం. ఎత్తుతుంటే ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగి, "కారు పాడైందని బెంగ పెట్టుకోకు మావయ్యా" అంది. నన్నే ఓదార్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. నా కళ్లలో నీళ్లు చూసి ఆడవాళ్లు, "మేనమామంటే అలా ఉండాలి" అని మెచ్చుకున్నారు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని గంప మోశాను. అప్పగింతలయ్యాక ఆ పిల్ల అద్దె కారెక్కి వెళ్లిపోయింది. కనీసం అప్పుడైనా అక్కతో నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

మా బావగారు ఊరుకునే మనిషి కాదు. పాపం బావమరిది కారు మూలపడిందని, నాతో ఒక్కమాటైనా అనకుండా తన మెకానిక్కుని మా ఇంటికి పంపించారు. నేను అడ్డుపడేలోగా మా ఆవిడ తాళం తెచ్చి అతని చేతిలో పెట్టింది. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. అతను అక్కడే నిలబడి బావగారికి ఫోన్ చేశాడు.

"నేనేం చెయ్యలేదండీ. బండి శుభ్రంగా ఉందండీ."

అవతల అక్క అందుకున్నట్టుంది, ఫోను నాకిచ్చాడు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండును.

"చక్రాలు బాగున్నాయా తమ్ముడూ?" అంది.

"బాగున్నాయక్కా" అన్నాను.