నాయన బతికుండగా తీసిన మీసం

నాటకం ఆడాలంటే గొంతుండాలి. ఆడించాలంటే ఓపికుండాలి. నాకు రెండూ లేవు. నాలుగు ముక్కలు చదవడం మాత్రం వచ్చు. అందుకని మా ఊరివాళ్లు నా చేతికి పుస్తకమిచ్చి తెరవెనక కూర్చోబెట్టారు. వేషగాళ్లలో సగం మంది వేలిముద్ర వేసేవాళ్లే. పద్యాలన్నీ విని విని నోటికి పట్టినవాళ్లు. ఎవరైనా మధ్యలో మరిచిపోతే మొదటి ముక్క అందించడం నా పని. నేను అందించి బతికించిన రాజులు, మంత్రులు ఎందరో ఉన్నారు. బయటికి రాగానే మీసం మెలేసుకుని, ఆ పద్యం తమ గొప్పే అన్నట్టు తిరిగేవాళ్లు. నా అవసరం పడని మనిషి ఒక్కడే, తిప్పేస్వామి. అతనికీ ఒక్కసారి పడింది. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

మాది కంబదూరు పక్క పల్లె. తిప్పేస్వామికి నాలుగెకరాల ఎర్రచేను, ఒక జత ఎద్దులు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే రోడ్డు పక్కన కంకర కొట్టుడు. పద్దెనిమిదో ఏట అతను రాణి చిత్రవల్లి వేషం కట్టాడు. ఆడవేషాలు అప్పుడు మగవాళ్లే కట్టేవారు. ఆ నాటకం మా హార్మోనియం మాస్టరు హుస్సేన్ బాషాకు ఆయన గురువు చేతిరాతతో ఇచ్చింది. కరువులో మొగుణ్ణి పోగొట్టుకున్న రాణి ఊరూరా తిరిగి, ఒడిపట్టి గింజలడిగి, జనాన్ని బతికించుకునే కథ. మా సీమలో ఆ కథకు వేరే వివరణ అక్కర్లేదు. తిప్పేస్వామి ఒడిపట్టి నిలబడితే ఇంట్లో గింజ లేనివాళ్లు కూడా లేచి వెళ్లి వెతుక్కొచ్చేవాళ్లు.

యాభై ఒకటిలో పక్క ఊరి జాతరకు ఆడబోయాం. ముందు వరసలో తాగినవాళ్లు కొందరు చేరి ఈలలు వేశారు, రాణిని చూసి పాడు మాటలన్నారు. ఒకడు పైకెక్కి కొంగు పట్టుకున్నాడు. ఇలాంటివి మాకు మామూలే. కానీ ఆ రోజు జనంలో తిప్పేస్వామి నాయన ఆంజినప్ప ఉన్నాడు. ఆయన విసురుగా వచ్చి, కొడుకు చెయ్యి పట్టుకుని, చీర మీదనే నాలుగు మైళ్లు నడిపించుకుపోయాడు. రాణి లేని నాటకాన్ని ఎలాగో ముగించి, రాళ్లు పడకముందే మేము బండెక్కాం.

మర్నాడు నేనూ బాషా వాళ్లింటికి పోతే ఆంజినప్ప మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"ఇంగ వాడు మీసం పెంచుతాడు. ఆ మీసం తీసేది నేను సచ్చినప్పుడే. అంతవరకు మీ నాటకాల మాట నా వాకిట్లో ఎత్తొద్దండప్పా."

మా పక్క కొడుకు మీసం తీసేది తండ్రి పోయినప్పుడే. తండ్రి కళ్ల ముందు తిరుగుతుండగా తీశాడంటే ఆయన చావు కోరినట్టు. అంతదాకా తిప్పేస్వామిది నూగుమీసం కాబట్టి గీసినా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆంజినప్ప వేషానికీ తన చావుకూ ముడి వేశాడు. కొడుకు ఆ వేషం మీద ఆశ పెట్టుకున్నాడంటే తండ్రి చావు మీద పెట్టుకున్నట్టే. ఏ తండ్రైనా ఇంత పని చేస్తాడా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట పదమూడేళ్లు ఆరలేదు.

తిప్పేస్వామి నోరెత్తలేదు. మీసం పెంచాడు, చౌడమ్మను పెళ్లాడాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రయ్యాడు. ఊళ్లో ఏ నాటకం జరిగినా చేనికి కావలి పోయేవాడు. చేనులో కాయడానికేమీ లేని సంవత్సరాల్లో కూడా పోయేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, విననైనా వినొచ్చు కదా అని.

"యింటే ఆశ పుడతాదన్నా. ఆ ఆశకు అవతల మా నాయన సావుండాది. అందుకే యినను," అన్నాడు.

తర్వాత మూడేళ్లు వరసగా వానలు ఎగ్గొట్టాయి. ఊరంతా కూడి గంగమ్మకు మొక్కుకుంది, వాన కురిస్తే చిత్రవల్లి నాటకం ఆడిస్తామని. అరవై నాలుగులో కురిసింది. మొక్కు తీర్చాలి. మొక్కుబడి నాటకానికి మా ఊళ్లో ఒక కట్టు ఉంది. బయటివాళ్లను తెచ్చి వేషం కట్టించకూడదు. అనంతపురం నుంచి ఆడవాళ్లను పిలిపించే కాలం అప్పటికే వచ్చినా, గంగమ్మ దగ్గర అది చెల్లదు. రాణి పద్యాలు తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే. పెద్దలు పోయి అడిగారు. తిప్పేస్వామి ఒకటే మాటన్నాడు.

"మా నాయన బతికుండాడు."

హుస్సేన్ బాషాకు ఉపాయాలకు కొదవ లేదు. మీసం తీయకుండానే కప్పేస్తే తప్పేముందన్నాడు. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు. తిప్పేస్వామికి కూడా కనపడలేదు. కనపడకూడదని అతనెంత కోరుకున్నాడో నాకు తెలుసు. కప్పి చూద్దామని బడి ముందర జమయ్యాం. బాషా అతని పైపెదవి మీద గుడ్డపీలిక అతికించి, దాని మీద రంగు మెత్తాడు. రాణి నోరు తెరిచింది. రెండో పాదానికి పీలిక ఊడి ముక్కు కింద వేలాడింది. దాని వెనక నుంచి మీసం తొంగిచూసింది. గంగమ్మ పూజారితో సహా అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తిప్పేస్వామి కూడా నవ్వాడు. నవ్వి, పీలిక లాగేసి, మాకు వీపు పెట్టి గోడవైపు తిరిగాడు. అలాగే నిలబడి, రాణి మొగుడి శవం దగ్గర పాడే పద్యాలు వరసగా తొమ్మిదీ పాడాడు. పుస్తకం నా ఒళ్లో ఉంది. నేను ఒక్క పుట తిప్పలేదు. నవ్వినవాళ్లంతా తల దించుకున్నారు. నాకైతే ఏడుపొచ్చింది.

తర్వాత చౌడమ్మను అడిగాను, పదమూడేళ్లు అన్ని పద్యాలెలా గుర్తున్నాయమ్మా అని.

"రోజూ ఎద్దులకు పాడతాడన్నా. మనుషులకు పాడితే తప్పంట, గొడ్లకు పాడితే తప్పు లేదంట," అంది మూతి తిప్పుతూ.

ఆంజినప్ప కళ్లకు అప్పటికి పొర కమ్మింది. మనిషి నీడ తెలిసేది, మొహం ఆనేది కాదు. చెవులు మాత్రం పాము చెవులు. బడి దగ్గర పాడింది ఆయన అరుగు మీదికి వినపడింది. మర్నాడు పొద్దున్నే చౌడమ్మను పంపి మంగలి మద్దిలేటిని పిలిపించాడు. నన్ను కూడా రమ్మన్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడి, ఎదురు తిట్లు కూడా సిద్ధం చేసుకుని వెళ్లాను.

మద్దిలేటి వచ్చి, ముసలాయన ముందు కూర్చుని పెట్టె తెరిచాడు.

"నాకు గాదు. వానికి. మీసం తీయి," అన్నాడు ఆంజినప్ప.

మద్దిలేటి పెట్టె మూసేశాడు. "ఏం మాట్లాడతాండావు మామా? నువ్వీడ కూచోనుండంగా వాని మీసం తీసేదా? నా కత్తికి ఆ పాపం వద్దు."

"నేను సచ్చినాక వాడు తీసుకుంటాడు. తీసుకుంటే నాకు కనపడతాదా? ఇప్పుడైతే రోంత మసగ్గానన్నా కనపడతాది. ఇప్పుడే తీయి."

తిప్పేస్వామి గుంజ దగ్గరే నిలబడిపోయాడు. "వద్దు నాయనా. నేనడగలే."

"నువ్వడగవు. పదమూడేండ్లు అడగలే. పోరుపెట్టి అడిగింటే తిట్టి ఊరుకుందును. అడగకుండా నా ముందరే తిరిగితివి. రా, కూచో."

నీళ్ల గిన్నె ముసలాయనే పట్టుకున్నాడు. సగం నీళ్లు ఆయన పంచె మీదే పడ్డాయి. మద్దిలేటి ముందు గంగమ్మకు దండం పెట్టుకుని కత్తి ఆనించాడు. చౌడమ్మ లోపలికి వెళ్లిపోయింది. పని అయ్యాక ఆంజినప్ప కొడుకు మొహం దగ్గరికి లాక్కుని, వేలితో పైపెదవిని తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"మీ యమ్మ నోరే," అన్నాడు.

తిప్పేస్వామి తల్లి అతనికి ఆరేళ్లప్పుడే పోయింది. అతనికి ఆమె మొహం గుర్తు లేదు.

"ఆ పొద్దు జాతరలో నువ్వు చీర కట్టుకొని దీపం కిందికి వస్తే, అదే లేచొచ్చినట్లుండె. ఆ తాగుబోతులు నిన్నంటే నవ్వుకొని ఊరుకుందును. దాన్ని అన్నట్లుండె. దాని కొంగు పట్టుకున్నట్లుండె. అది యెవురితో చెప్పుకొనేది? వేషం మీద గాదురా నా కోపం. చెప్పుకోలేక మీసం మీద పెట్టినా."

నేను సిద్ధం చేసుకుపోయిన తిట్లన్నీ నన్ను నేను తిట్టుకోవడానికే పనికొచ్చాయి. పదమూడేళ్లు ఆ మనిషిని రాతిగుండె అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఇక్కడితో అయిపోతే మా ఊరు ఎలా అవుతుంది? రెండు రోజులకు తిప్పేస్వామి వేషానికి గాజులు కొనడానికి కంబదూరు సంతకు పోయాడు. అక్కడ అతణ్ణి అతని అక్క మారెక్క అత్తగారి ఊరివాడొకడు చూశాడు. మీసం లేని మొహం చూశాక ఇక అడిగేదేముంది? మీ నాయన పోయినాడా అని ఎవరైనా అడుగుతారా? గమ్మున ఊరికి పోయి చెప్పేశాడు. మధ్యాహ్నానికి మారెక్క ఇద్దరు తోడికోడళ్లను వెంటేసుకుని, ఊరి బయటి నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చింది. నడవలోనే కూలబడి తల కొట్టుకుని ఏడ్చింది. నాయన తనను భుజాన మోసుకుని చేనికి తీసుకుపోయింది చెప్పింది. కరువులో ఆయన పస్తుండి తనకు సంగటి పెట్టింది చెప్పింది. తమ్ముడు కబురైనా పెట్టలేదని శాపాలు పెట్టింది.

ఆంజినప్ప లోపల మంచం మీద సంగటి తింటున్నాడు. చౌడమ్మ ఆపడానికి పోబోతే చెయ్యెత్తి ఉండమన్నాడు. ముద్ద నమలడం కూడా ఆపి, అంతా విన్నాడు. కడకు గొంతెత్తాడు.

"మారెక్కా, రోంత గట్టిగా ఏడ్చమ్మా. నా చెవులు ఇంగా బాగుండాయి."

మారెక్క కెవ్వుమంది. లోపలికొచ్చి, నాయన బతికున్నాడని చూసుకుని, ఆయన వీపు మీద నాలుగు గుద్దులు గుద్ది, ఆ వీపు మీదే తల పెట్టి మళ్లీ ఏడ్చింది.

"ఇంత చెప్తారని తెలిసింటే ఎప్పుడో తీయించిందునే ఆ మీసం," అన్నాడు ముసలాయన. బతికినవాణ్ణి చచ్చాడంటే ఆయుస్సు పెరుగుతుందంటారు. ఆయనకు మరో మూడేళ్లు పెరిగింది.

నాటకం రోజు ఆంజినప్పను తెచ్చి తెర పక్కనే గోనెసంచి మీద కూర్చోబెట్టాం. నేను పుస్తకంతో కూర్చునే చోటికి మూరెడు దూరం. ఏమైనా కనపడుతోందా మామా అని మధ్య మధ్య అడిగాను. పెట్రోమాక్సు వెలుగు ఆయన కంటిపొరకు సరిపడలేదు.

"వెలుగు కనపడతాది. వాడు కనపడడు," అన్నాడు. ఎనిమిది గంటల నాటకంలో ఆయన చూసింది ఏమీ లేదు, విన్నది తప్ప. మీసం తీయించింది ఇందుకేనా అని నాకు దిగులేసింది.

మా నాటకాలు తెల్లారేదాకా సాగుతాయి. కడపటి రంగం రాణి జనంలోకి దిగి గింజలడగడం. ఆ వేళకు తూరుపు బాగా తెల్లబడింది, దీపాలు ఆర్పేశారు. తిప్పేస్వామి పద్యం పాడుతూ ఒడిపట్టి ఒక్కొక్కరి ముందుకూ వస్తున్నాడు. ఆ ఏడు పండింది కాబట్టి దోసిళ్లతో పోశారు. అలా వచ్చి నాయన ముందు వంగాడు. అప్పుడే పొద్దు పొడిచి, ఎదురెండ నేరుగా రాణి మొహం మీద పడింది. ఆంజినప్ప గుప్పిట్లో చౌడమ్మ ఇచ్చిన శెనక్కాయలున్నాయి. ఆయన వాటిని ఒడిలో వెయ్యలేదు. ఆ మొహాన్నే చూస్తూ, మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"వచ్చినావా?"

తిప్పేస్వామికి పద్యం పోయింది. హుస్సేన్ బాషా శ్రుతి పట్టుకునే ఉన్నాడు. జనం ఎదురుచూస్తున్నారు. రాణి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అతనికి నేను పద్యం అందించిన రోజు అదొక్కటే.  రెండుసార్లు అందిస్తే గానీ అందుకోలేదు.

ఆ తర్వాత తిప్పేస్వామి మళ్లీ మీసం పెంచలేదు. చుట్టుపక్కల ఏ ఊరికి పిలిచినా పోయి వేషం కట్టాడు. కొత్త ఊళ్లలో చూసినవాళ్లు అయ్యో అని నోరు చప్పరిస్తే, "మా నాయన ఇంటికాడ సంగటి తింటాండాడు," అనేవాడు.

ఆంజినప్ప అరవై ఎనిమిదిలో, మాఘమాసంలో పోయాడు. వంకలో చెలమ పక్కన తిప్పేస్వామిని కూర్చోబెట్టి మద్దిలేటి తల గొరిగాడు. అంతదాకా అతను ఏడవలేదు. ముసలి ప్రాణం, సుఖంగా పోయిందని అందరికీ తనే చెబుతున్నాడు. తల అయ్యాక కత్తి మీసం దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ తీయడానికేమీ లేదు. మీసం తీయకపోతే శాస్త్రం ఎట్లప్పా అని వెనక నుంచి ఎవరో పెద్దమనిషి గొణిగాడు.

మద్దిలేటి వెనక్కి తిరగలేదు. "అది అప్పుడే అయిపోయింది లేన్నా. ఆయనే నీళ్లు పట్టినాడు," అన్నాడు.

తిప్పేస్వామి పైపెదవి మీద చెయ్యి పెట్టుకుని, నాయనా అని పెద్దగా ఏడ్చాడు.