జడేసిన టెలిస్కోపు

మొన్న కాలేజీలో నా పరువు ఎలా పోయిందో ఇను బావా! టీ సల్లారితే సల్లారనీ, ముందు ఇది ఇను.

నాను ఫిజిక్స్ లెక్చరర్నని నీకు తెలుసు గదా. వేల సుక్కల ఎలుగుని ఒకేసారి పట్టి, రంగులు ఇడదీసి సూసే కొత్త టెలిస్కోపు కట్టాలని పెద్దోళ్ళు ప్లాన్ సేత్తన్నారు. ఒక్కో సుక్కకీ ఒక్కో ఫైబర్ పోగు. ఆ కమిటీ మా కాలేజీకొత్తంది, నా మోడల్ నచ్చితే డిజైన్ టీమ్‌లో సీటు! ఏళ్ళ తరబడి అదే లోలకం పాఠం సెప్పి సెప్పి ఇసుగెత్తిపోయాను. ఈ ఛాన్స్ పోతే మళ్ళీ రాదని ఒకటే దడ.

పూర్ణా మార్కెట్లో మెరిసే పోగుల పూలకుండీ దీపం ఒకటి కొని, పోగులన్నీ పీకేసాను. రేకుకి సుక్కకో సిల్లు పొడిసి, సిల్లుకో పోగు దూర్చి, ఏది ఏ సుక్కదో తెలిసేలా పోగుకో నంబరు సీటీ అంటించాను. అక్కడితో ఊరుకోవచ్చా? నాకు కుదురుండదే! ఎనకాల పోగులన్నీ సిక్కుపడ్డ జుట్టులా కనిపించాయి.

"ఏమే, దీనికి కాస్త జడెయ్యవే" అన్నాను మా ఆవిడతో.

"ఈ సీటీలు అడ్డొత్తన్నాయండీ!"

"పీకెయ్!"

పీకేసి, బారెడు జడ అల్లింది. ఎంత ముచ్చటగా ఉందో! కూర్మన్నపాలెం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

కమిటీ పెద్దాయన రేకు ముందు దీపం ఎలిగించి, జడ కొసన మెరుపులు సూసి మురిసిపోయారు. అంతలో ఓ మెరుపు మీద పెన్ను పెట్టి, "ఇది ఏ నక్షత్రం నుంచి వస్తోందండీ?" అన్నారు.

సచ్చాన్రా బాబూ!

"ఒక్క నిమిషం సార్" అని రేకు మీద సిల్లులు ఒక్కోటీ ఏలితో మూసి, ఏ పోగు ఆరిపోతందో సూడ్డం మొదలెట్టాను. నా ఏలు లావు, సిల్లులేమో దగ్గర దగ్గర. ఒకటి మూస్తే మూడు ఆరతన్నాయి! ఎనకాల ఎవరో దగ్గారు. "ఒక్క నిమిషం సార్, ఒకే ఒక్క నిమిషం..." జేబులోంచి అగ్గిపుల్ల తీసి, దాంతో మూసుకుంటూ మళ్ళీ మొదటికొచ్చాను. సివరికి పట్టేసాను!

"దొరికింది సార్!" అని అరిసి ఎనక్కి తిరిగాను.

అటెండర్ ఒక్కడే కుర్చీలు సర్దుతన్నాడు.

"ఆళ్ళు ఎప్పుడో కారెక్కేసారండి."

ఇప్పుడు ఏ పోగు ఏ సుక్కదో నన్ను నిద్దట్లో లేపి అడిగినా సెప్తాను బావా. అడిగేవాడే లేడు!