పల్లపు వార్డులో మోగని ఫోను

మీటరమ్మ అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినపడదు. పద్దెనిమిదేళ్ళుగా ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే మనిషి. వీధి మొదట్లో కనపడితే చాలు, "మీటరమ్మ వస్తోంది, మూత మీద బిందెలు తీయండే" అని ఒకింటివాళ్ళు పక్కింటికి కేకేస్తారు. మీటరు గుంతలో ఉంటుంది. గుంత మీద ఇనప మూత, ఆ మూత మీద ఆ ఇంటి సామాను సగం. వంగి, మూత లేపి, అద్దం మీది బురద చేత్తో తుడిచి అంకెలు చదవాలి. ఆవిడ నడుం ఎప్పుడో చెప్పినమాట వినడం మానేసింది.

పూర్వం అంకెలు పుస్తకంలో రాసుకుంటే సరిపోయేది. రెండేళ్ళ కిందట యాప్ వచ్చింది. ఇప్పుడు మీటరు ఫోటో తీయాలి, ఆ ఫోటో యాప్‌లోకి ఎక్కితేనే తర్వాతి ఇంటి నంబరు తెరుచుకుంటుంది. ఫోను ఆవిడది, పెత్తనం ఆఫీసుది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా డేటా ఆపకూడదు. ఆపితే మనిషి ఎక్కడుందో ఆఫీసు మ్యాపులో చుక్క కనపడదు. చుక్క కనపడకపోతే ఆ రోజుకి అరపూటే హాజరు. పద్దెనిమిదేళ్ళు ఎండలో తిరిగిన మనిషిని నమ్మడం కన్నా చుక్కని నమ్మడం తేలికని చల్లటి గదిలో కూర్చున్నవాళ్ళెవరో తేల్చేశారు.

ఆవిడ పాత ఫోను ఆ యాప్‌ని మోయలేకపోయింది. వాళ్ళక్క తన ఫోను తీసిచ్చింది.

"నీకు వద్దా?" అంది మీటరమ్మ.

"ఇంట్లో పడుండేదాన్ని, నాకెవరు చేస్తారే? నీ ఉద్యోగం కానీ."

ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే. అక్క ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించింది. ఇప్పుడు అక్కకి మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు రెండు బస్సులు మారి దూరపు ఆస్పత్రికి వెళ్ళి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. మూడుసార్లు రమ్మన్నారు డాక్టర్లు. రెండుసార్లకే మనిషి బస్సులో ఒరిగిపోతోంది.

వాళ్ళ ఇంటికి నడిచివెళ్ళే దూరంలోనే ఇంకో ఆస్పత్రి ఉంది. అక్కడ ఆ మిషన్లు ఆరు, ఆరు కుర్చీలు. కుర్చీ కోసం పేరు రాయించుకుని కాచుకోవాలి. గోడ మీద నియమం అంటించి ఉంటుంది: ఖాళీ రాగానే మూడుసార్లు ఫోన్ చేస్తారు. అందకపోతే పేరు కొట్టేసి తర్వాతివారికి ఇస్తారు. మళ్ళీ రాయించుకుంటే చివర చేరుస్తారు. మిషను ఖాళీగా పడుండకూడదు కాబట్టి ఈ నియమాన్ని తప్పు పట్టలేం. రిజిస్టర్లో ఒక్క ఫోన్ నంబరుకే గడి. కుర్చీ ఖాళీ అవడమంటే ఏమిటో కాచుకున్న అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అక్క ఒక్కతే అనేది.

"ఎవడు పోతాడా అని కాచుక్కూర్చోవడం కూడా ఒక పనేనా? తొందరపెట్టకు, పాపం వాళ్ళ టైము వాళ్ళని తీసుకోనీ."

అలా అంటూనే, చొక్కాలకి కాలర్లు కుట్టగా మిగిలిన గుడ్డతో ఫోనుకి ఒక సంచి కుట్టింది. మెడలో వేసుకోవడానికి తాడు, ముందువైపు ప్లాస్టిక్ కిటికీ. మీటరు మీదికి వంగినా ఫోను కళ్ళెదుటే వేలాడుతుంది. మోగితే వినపడుతుంది, వినపడకపోయినా కనపడుతుంది.

"ఇంక ఎలా తప్పిపోతుందో చూస్తా," అంది అక్క.

లిస్టులో అక్క పేరు రెండో నంబరుకి వచ్చింది. తర్వాతి శనివారం మీటరమ్మ ఎప్పటిలాగే ఆస్పత్రికి వెళ్ళింది. రిజిస్టరు రాసే అమ్మాయి పాతికేళ్ళది, చేతివేళ్ళకి ఎప్పుడూ సిరా.

"ఒకటికి వచ్చామా తల్లీ?"

అమ్మాయి వేలు పేజీ మీద కిందికి జారి ఆగింది. "మీ పేరు కొట్టేశామండీ. మీ ముందాయనకి సోమవారం వచ్చింది. మంగళవారం ఇంకో ఖాళీ వచ్చింది. ఫోన్ చేశాను."

"ఎవరికి?"

"మీకే. పదకొండూ పదికి, పద్నాలుక్కి, పంతొమ్మిదికి. మూడుసార్లూ స్విచాఫ్ అనే వచ్చింది."

మీటరమ్మ సంచి పైకెత్తి చూపించింది. "ఇది నా మెడలోంచి దిగదు. స్నానానికి వెళ్తే మేకుకి తగిలించి తలుపు తెరిచి పెట్టుకుంటాను. ఆపితే మా ఆఫీసు నన్ను బతకనివ్వదు. ఒక్క మిస్డ్ కాల్ ఉంటే చూపించు."

నిజంగానే లేదు. మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఫోన్లో ఒక్క కాల్ గుర్తూ లేదు.

"నేను చేశానండీ."

"ఏ పెద్దమనిషి చెప్తే ఎవరికిచ్చారో ఆ మాట చెప్పు. అబద్ధం ఎందుకు? మా అక్క బస్సులో వాంతులు చేసుకుంటూ వస్తోంది, నువ్విక్కడ కుర్చీలు పంచిపెడుతున్నావు."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, అక్క పేరు మళ్ళీ చివర రాసింది. పద్నాలుగో నంబరు.

బయట బల్ల మీద కూర్చుని మీటరమ్మ యాప్ తెరిచింది, ఏ టైముకి ఏ ఇంట్లో ఉందో చూపించి ఆ అమ్మాయి నోరు మూయించాలని. పల్లపు వార్డు, నీలం డ్రమ్ము ఇల్లు. ఫోటో తీసింది పదకొండూ ఎనిమిదికి. ఎక్కింది పదకొండూ ఇరవై ఒకటికి. ఆ ఇల్లు గుర్తుంది. డ్రమ్ము జరిపి, ఫోటో తీసి, తెర మీద గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూస్తూ నిలబడింది. పదమూడు నిమిషాలు కన్ను తిప్పకుండా ఆ ఫోనునే చూసింది.

ఆ అమ్మాయి చెప్పిన మూడు టైములూ ఆ పదమూడు నిమిషాల్లోనే పడ్డాయి.

సోమవారం తనతోపాటు మీటర్లు చూసే రేడియోని తీసుకుని ఆ వీధికే వెళ్ళింది. ఆయనకి ఆ పేరు ఆఫీసులో పెట్టారు, నోరు ఆగదని.

"అన్నా, నేను ఫోటో ఎక్కిస్తాను. చక్రం తిరుగుతున్నప్పుడు నాకు ఫోన్ చెయ్."

"రెండు అడుగుల దూరంలో నిలబడి ఫోనెందుకు చెల్లెమ్మా, పిలిస్తే పలకవా? ఎండ దెబ్బగానీ తగిలిందా?"

"చెయ్ అన్నా."

పల్లపు వార్డుకి దిగగానే ఫోను పైన గుర్తు మారిపోతుంది. పై వీధుల్లో కొత్త టవర్లు వేశారు, సినిమాలు ఆగకుండా ఆడతాయి. కింద, ఇళ్ళు ఇరుకై మనుషులు ఎక్కువైన చోట, పాత టవరు ఒకటి ఈడ్చుకొస్తోంది. లాభం లేని చోట కొత్తది ఎవరు వేస్తారు? ఆ పాత నెట్‌వర్క్‌లో దారి ఒక్కటే. డేటా నడుస్తున్నంతసేపూ కాల్ లోపలికి రాదు.

రేడియో తన డేటా ఆపి ఫోన్ చేశాడు, స్పీకరు పెట్టాడు. మీటరమ్మ మెడలో ఫోను వెలుగుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. రేడియో చేతిలోంచి ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది, మీరు ఫోన్ చేస్తున్న వ్యక్తి ఫోన్ స్విచాఫ్ చేసి ఉందని, లేదా వారు అందుబాటులో లేరని.

"నేను స్విచాఫ్‌లో ఉన్నానంట," అంది మీటరమ్మ.

రేడియో ఫోను కట్ చేశాడు. దాన్నే చూస్తూ అన్నాడు, "మా ఆవిడ మెట్ల మీంచి పడ్డప్పుడు ఆరుసార్లు చేశానంది. ఫోనెందుకు ఆపావని అడిగింది. ఆపలేదే అంటే నమ్మలేదు. అది అబద్ధమాడుతోందని నేనూ అన్నాను. పది రోజులు మాటల్లేవు మా మధ్య."

అక్కడి నుంచే సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది మీటరమ్మ. విషయమంతా విన్నాడాయన.

"డేటా ఆపడం కుదరదు. రెండో ఫోను పెట్టుకోండి."

"మీరిస్తారా సార్?"

"నాకు ఇంకో కాల్ వస్తోందమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. ఆయనుండేది పై వీధిలో.

ఇంటికెళ్ళి అక్కకి చెప్పింది. అక్క గోడకి ఆనుకుని అంతా విని, "నా కుర్చీలో ఎవరు కూర్చున్నారో కనుక్కున్నావా?" అంది.

"ఎవరో పండ్లబండి ఆయనంట. చిన్నపిల్లలున్నారు."

"సర్లే. లేపలేం కదా." మళ్ళీ తనే, "ఆ పిల్లని తిట్టొచ్చావు చూడు, అది బాగాలేదు. వెళ్ళి చెప్పిరా," అంది.

మీటరమ్మ మర్నాడే వెళ్ళింది. "ఆ రోజు నోరు జారాను తల్లీ. నువ్వు ఫోన్ చేశావు. తప్పు నీది కాదు, నాదీ కాదు," అని వీధిలో చూసింది చూసినట్టు చెప్పింది. వింటూనే అమ్మాయి రిజిస్టరు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. కొట్టేసిన పేర్లు. ప్రతిదాని పక్కనా తన చేతిరాతే, స్విచాఫ్, స్విచాఫ్. అక్కది కాక పదకొండు పేర్లు తేలాయి. చిరునామాలు చూస్తే తొమ్మిది పల్లపు వార్డువే.

"ఎత్తనివాళ్ళకి అంత అవసరం లేదేమో అనుకున్నానండీ," అంది అమ్మాయి.

ఈ మాట ఆ అమ్మాయి ఒక్కతే అనుకోదు. ఫారం నింపలేనివాడికి అక్కరలేదనీ, వరసలో నిలబడలేనివాడికి పట్టింపు లేదనీ ఆఫీసుల్లో రోజూ అనుకుంటూనే ఉంటాం. ఫోన్ అందనివాడు చివరాఖరు వాడు, అంతే.

అక్కని మళ్ళీ పైకి తేవడం తన చేతిలో లేదంది అమ్మాయి. అర్జీ పెడితే పైకి పంపుతానంది. పంపింది కూడా. పైనుంచి ఏదీ రాలేదు. తొమ్మిది చిరునామాలూ మీటరమ్మ చీటీ మీద రాసుకుంది. ఆ తలుపులన్నీ ఆవిడకి తెలిసినవే, ఏ గుంత మూత ఎంత బరువో కూడా తెలుసు. వెళ్ళి తట్టింది. ముగ్గురు అప్పటికే లేరు. మిగతా ఆరిళ్ళలో ఇంకా ఫోను కోసం చూస్తున్నారు. ఒకరు దాన్ని కిటికీలో గ్లాసులో నిలబెట్టి ఉంచారు, సిగ్నల్ అక్కడే బాగుంటుందని. పేరు కొట్టేశారని ఎవరికీ తెలియదు. ఆరుగురూ మళ్ళీ రాయించుకున్నారు. రెండో నంబరుకి గడి లేదు కాబట్టి, ఆ పేర్ల పక్కనా, లిస్టులో ఉన్న మిగతా పల్లపు వార్డు పేర్ల పక్కనా ఖాళీలో అమ్మాయి పెన్సిలుతో మీటరమ్మ నంబరు రాసింది.

ఆస్పత్రినుంచి ఫోన్లు వచ్చేది పదికీ పన్నెండుకీ మధ్య. ఆ రెండు గంటలూ మీటరమ్మ డేటా ఆపేయడం మొదలుపెట్టింది. మామూలు కెమెరాతో ఫోటోలు తీసి పెట్టుకుని, పన్నెండు దాటాక ఒక్కొక్కటే యాప్‌లోకి ఎక్కించేది. పని ఏమీ మిగిలేది కాదు, అన్ని మీటర్లూ పూర్తయ్యేవి. అయినా రోజూ అరపూటే పడింది.

అక్క పేరు పద్నాలుగు నుంచి పదకొండుకి, పదకొండు నుంచి ఎనిమిదికి వచ్చింది. ఎనిమిదికి వచ్చిన వారంలో ఒక పొద్దున, బస్సుకి బయల్దేరాల్సిన టైములో, అక్క చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పేసింది.

"ఇవాళ వద్దులేవే. రేపు పోదాం," అంది.

మీటరమ్మ బతిమాలింది, కసిరింది, ఆటో పిలుస్తానంది. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నానికి ఊపిరి బరువైంది. ఆటో వచ్చేసరికి ఎక్కించడానికి మనిషి లేదు.

పది రోజుల తర్వాత మీటరమ్మ పనిలోకి వచ్చింది. పల్లపు వార్డు మలుపులో రేడియో కలిశాడు. పదవుతుండగా ఆవిడ మెడలో సంచి తీసి డేటా ఆపడం చూశాడు. నెమ్మదిగా అన్నాడు.

"ఇంక ఆన్‌లోనే పెట్టుకో చెల్లెమ్మా. అరపూటలు పోగొట్టుకోవడం దేనికి? నీకిప్పుడెవరు చేస్తారు?"

ఆవిడ వంగి మూత లేపింది.

ఆ నెలాఖరులో, పదకొండు దాటాక, గుంతలో చెయ్యి ఉండగా ఫోను మోగింది. ప్లాస్టిక్ కిటికీలో ఆస్పత్రి నంబరు. బురదచేత్తోనే ఎత్తింది. రిజిస్టరు అమ్మాయి.

"కుర్చీ ఖాళీ అయిందండీ. గోడలకి రంగులేసే ఆయనది వంతు, పల్లపు వార్డు, మూడో సందు. మూడుసార్లు చేశాను. స్విచాఫ్. నేను కొట్టలేదు. పెన్ను పక్కన పెట్టి మీకు చేస్తున్నాను. పావుగంటలో రాగలరా?"

మీటరమ్మ మూత తెరిచి ఉండగానే లేచింది. నడుం పట్టేసింది, దాన్ని పట్టుకునే నడిచింది. మూడో సందు, పచ్చతలుపు. లోపల చాప మీద రంగులేసే ఆయన, కాళ్ళు వాచి ఉన్నాయి. ఆయన భార్య గడపలో కూర్చుని ఫోను రెండు చేతులతో పట్టుకుని ఉంది. కూతురి బడి పాఠం దిగుతోంది, తెర మీద చక్రం తిరుగుతోంది.

"ఆస్పత్రికి పదండి, కుర్చీ వచ్చింది," అంది మీటరమ్మ.

ఆవిడ ఫోనువైపు చూసింది, మీటరమ్మవైపు చూసింది. "ఫోన్ రాలేదే. పొద్దుటినుంచి నా చేతిలోనే ఉంది."

"వచ్చింది. మూడుసార్లు వచ్చింది. ఆయనకి చెప్పులు వెయ్యండి."

ఇద్దరూ చెరోవైపు పట్టి లేపి ఆటో ఎక్కించారు. ఆటో మలుపు తిరిగేదాకా మీటరమ్మ అక్కడే నిలబడింది. కుర్చీ ఎవరి వల్ల ఖాళీ అయిందని ఆ అమ్మాయిని అడగలేదు. వెనక్కి వచ్చేసరికి గుంత తెరిచే ఉంది, గాలికి మీటరు మీద మళ్ళీ మట్టి పడింది. చేత్తో తుడిచి ఫోటో తీసింది. ఆ రోజుకీ అరపూటే పడింది.