ఘటమెత్తిన తొందర

ఆ రోజుల్లో నా కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాణ్ణి. సినిమా సగంలో ఉండగానే బండి తాళం చేతిలోకి తీసుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అరకులోయ నుంచి సింహాచలానికి కాలినడకన బయల్దేరిన ఆ ఏడాది మాత్రం నా తొందరకు గట్టి కారణమే ఉంది. విశాఖపట్నంలో ఒక ఫోన్ల షాపులో నాకు ఉద్యోగం కుదిరింది. మొదటి ఉద్యోగం. సోమవారం పొద్దున్న షట్టరు ఎత్తేసరికి నేనక్కడ లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని ఓనరు ముందే చెప్పేశాడు.

మరి హాయిగా బస్సెక్కి పోవచ్చు కదా అని మీరడగొచ్చు. (నేనూ అడిగాను, తిట్లు తిన్నాను.) ఆ ఉద్యోగం వస్తే కొడుకుతో కలిసి ఘటం వెంట నడుస్తానని మా అమ్మ మొక్కుకుంది. మా పేట అమ్మవారికి సింహాచలం అప్పన్న అన్నగారని మావాళ్ళ నమ్మకం. అందుకని ఏటా పసుపు రాసిన ఘటంలోకి ఆవిణ్ణి పిలిచి, నెత్తిన పెట్టుకుని, ఘాటీ అనే కొండదారి దింపి, అన్నగారింటికి తీసుకెళతారు. ఆదివారం సాయంత్రానికల్లా కొండ చేరిపోతామని హామీ ఇచ్చినవాడు మా మేనమామ. జీపు తోలిన రోజుల్లో ప్రతి మలుపులోనూ ఆగి ఆగి వెళ్ళేవాడని ఊరంతా ఆయన్ని బ్రేకుల మావయ్య అనేది. మా గుంపుకు పెద్ద ఆయనే. అక్కడే నాకు అనుమానం రావలసింది.

నడకకు ముఖ్యమైన నియమం, ఘటానికి ముందు ఎవరూ నడవకూడదు. ఘాటీ పొడుగునా ఘటమెత్తినవాడు బ్రేకుల మావయ్య. జీపు పోయినా అలవాటు పోలేదు, మలుపు కనబడితే చాలు ఆగేవాడు. నేను ఫోన్లో మ్యాపు తీసి చూస్తే మేమున్న నీలం చుక్క ఉన్నచోటే ఉండేది. అవతలి కొండ అంచున విశాఖ వెళ్ళే కిరండూల్ రైలు ఒక సొరంగంలోంచి వచ్చి ఇంకో సొరంగంలోకి దూరిపోతుంటే నా ప్రాణం దాని వెనకాలే పోయేది. ఇక మా అమ్మ గుంపు చివర వచ్చేది. మోకాళ్ళు పట్టేసినా "నాకేటి, బాగానే నడుత్తన్నాను" అంటూ, కూర్చోవడానికి వీలైన రాయి దేన్నీ వదిలేది కాదు.

"మావయ్యా, ఇలాగైతే పై సోమవారానికి కూడా చేరం" అన్నాను ఉండబట్టలేక.

"అమ్మోరు అన్నగారింటికెల్తంది గానీ నీ షాపుకెల్తందేట్రా?" అన్నాడాయన.

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఘటం ముందు ఎవరూ నడవకూడదంటే, ఘటమే పరిగెడితే అందరూ పరిగెత్తాల్సిందే కదా! శనివారం తెల్లారగానే తలస్నానం చేసి వచ్చి, ఈ రోజు ఘటం నేనెత్తుకుంటానన్నాను. నా భక్తికి మావయ్య కళ్ళు చెమర్చాయి. "సాయంత్రం మజిలీ దాకా దింపకూడదు, నోరిప్పకూడదు, తెలుసునా?" అన్నాడు. తెలుసునన్నాను. తెలియనిది ఇంకొకటుంది. ఘాటీలో ఇళ్ళు తక్కువ కాబట్టి అంతదాకా అది బయటపడలేదు. మైదానంలో మొదటి ఊళ్ళో అడుగుపెట్టాక అది తెలిసింది.

వీధి పొడుగునా గుమ్మం గుమ్మానికీ పసుపునీళ్ళ బిందె. బిందె పెట్టిన గుమ్మాన్ని ఘటం దాటిపోకూడదట. ఆ ఇల్లాలు కాళ్ళు కడుగుతుంది, బొట్టు పెడుతుంది, ఆపైన తన కష్టసుఖాలన్నీ చెప్పుకుంటుంది. (ఘటమెత్తినవాడు దింపేదాకా మనిషి కాదు, సాక్షాత్తూ అమ్మవారు.) ఒకావిడ పాలివ్వని గేదె సంగతి చెప్పింది. ఇంకొకావిడ తోటికోడలి సంగతి మొదలుపెట్టి, పప్పు మాడుతోందని లోపలికెళ్ళి, తిరిగొచ్చి, ఆపిన చోటి నుంచే అందుకుంది. నాకు నోరు లేదు. కాళ్ళు మాత్రం ఆగలేక తైతక్కలాడుతున్నాయి.

"సూడండే, అమ్మోరు ఆడతంది!" అని ఎవరో కేకేశారు. అంతే, పక్క వీధులవాళ్ళు కూడా పరిగెత్తుకెళ్ళి బిందెలు తెచ్చారు.

ఆ వీధి చివరి గుమ్మం దగ్గరకు చేరేసరికి ఎండ వాలింది. వెనకబడిపోయిన అమ్మ కుంటుకుంటూ వచ్చి, ఆ ఇంటావిణ్ణి అడిగి బిందె అందుకుంది. నా కాళ్ళ మీద నీళ్ళు పోసి, నా మొహంకేసి కాకుండా పైన ఘటంకేసి చూస్తూ మొదలుపెట్టింది.

"తల్లీ, మా గుంటడికి సోమారం ఉద్యోగం. ఆడికి నిలకడ లేదు, పుట్టడం కూడా నెల ముందే పుట్టేశాడు. నా మోకాళ్ళ కోసం ఆడాగిపోకూడదు. మొక్కు తప్పుద్దని బయపడి నాను సెప్పినా ఎల్లడు." (ఎంత నమ్మకమో నా మీద!) "నన్నిక్కడ ఒగ్గేసి, బస్సెక్కి బేగి ఎల్లిపొమ్మని ఆడికి నువ్వే సెప్పు తల్లీ."

చెప్పి నా పాదాల మీద తల ఆనించింది. వంగి లేవదీద్దామంటే నెత్తిన ఘటం. వద్దమ్మా అందామంటే నోరిప్పకూడదు. పొద్దుట్నుంచీ గంతులేస్తున్న నా కాళ్ళు అప్పుడు కదలడం మానేశాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మవారు కరుణించిందని చుట్టూ ఉన్నవాళ్ళు దండాలు పెట్టారు.

సాయంత్రం మజిలీలో ఘటం దింపాక, అమ్మవారు ఏం చెప్పిందని ఎత్తుకున్నవాణ్ణి అడగడం ఆనవాయితీ. మావయ్య చేతులు జోడించి అడిగాడు. "కొడుకుని తల్లితో పాటే కొండదాకా నడవమంది" అన్నాను. నేననుకోకుండానే ఆ మాట వచ్చేసింది.

అందరూ లెంపలేసుకున్నారు, అమ్మ తప్ప. "నానడిగిందేటి, ఆవిడ సెప్పిందేటి? ఉద్యోగం పోగొట్టే అమ్మోరేట్రా! సరిగ్గా ఇన్నావా నువ్వు?" అంది కోపంగా.

సోమవారం ఎండవేళ, ఆ షాపులో నా చోట ఇంకెవరో ఫోన్లు అమ్ముతుండగా, నేను అమ్మ చెయ్యి పట్టుకుని సింహాచలం మెట్లు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాను. ఇంకో ఉద్యోగం దొరకడానికి చాలాకాలం పట్టింది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఉండుండి, "ఆ రోజు నిజంగా అమ్మోరే అందేట్రా?" అని ఆరా తీస్తుంది. అమ్మోరే అందమ్మా అంటాను. ఆ మాట అమ్మవారిదో నాదో, అంత తొందరగా అనేసిన నాకూ ఈనాటికీ తెలియదు.